పొరకు రెండో కొస

ఏడో బల్ల మీద తన పళ్లెం కనిపించగానే సోయిలా అచికనోయ్‌కి ప్రాణం లేచొచ్చింది.

మూడు వారాలుగా దాని జాడ లేదు. మెరుపు పూత వేయించుకొస్తానని సోయిలా తల్లికి చెప్పి పట్టుకెళ్లిన, పనిలో తనకు తోడుండే ఫిదెన్సియో బొతినా మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. కబురు పెడితే ఊళ్లో లేడన్నారు. ఇంటికి వెళితే తాళం వేలాడుతోంది. ఇవాళ, తీరా ఎంపిక రోజున, హాల్లోకి అడుగుపెట్టేసరికి పళ్లెం భద్రంగా బల్ల మీద ఉంది. కోపం చల్లారి తెచ్చి పెట్టాడు కాబోలు అనుకుంది.

దగ్గరికి వెళ్లి, పళ్లెం ముందు నిలబెట్టిన అట్టముక్క చదివింది.

'కళాకారుడు: ఫిదెన్సియో బొతినా. మాధ్యమం: పాస్తో బర్నీస్. సహాయకులు: లేరు.'

రెండోసారి చదివింది. అక్షరాలేమీ మారలేదు.

ఎనిమిది నెలల పని అది. కొండ వాలు మీద అతుకులు అతుకులుగా పరుచుకున్న చేలు, బార్లీ పసుపు, బంగాళాదుంప పూల ఊదా, గట్ల మీద పిట్టలు. ఎక్కడా కుంచె తగల్లేదు, రంగు పూయలేదు. పుతుమాయో అడవి నుంచి వచ్చే మొగ్గల జిగురును కాచి, దంచి, రంగు కలిపి, పల్చటి పొరగా లాగి, ఆ పొరను చెక్క మీద పరిచి, చిన్న కత్తితో చేతి అంచనాతోనే కోసి అతికించిన బొమ్మలు అవన్నీ. పాస్తో ఊళ్లో బర్నీస్ అనేది ఈ పనినే. కుడివైపు కింది మూల మాత్రం అరచేయంత మేర ఉత్త చెక్కే ఉంది. అక్కడ ఇంకా పని మిగిలింది.

ఈ పాత మఠం కట్టడంలో వచ్చే సోమవారం చేతిపనుల బడి తెరుస్తున్నారు. దానికి పెద్ద గురువుగా ఎవరుండాలో ఇవాళే తేలుస్తారు. ఒక్కొక్కరూ ఒక్క వస్తువు పెట్టి, ఎక్కడి నుంచి వచ్చారో, దేనితో పని చేస్తారో, అది ఎందుకు పట్టుకున్నారో న్యాయనిర్ణేతల ముందు చెప్పుకోవాలి. సోయిలా దగ్గర ఆ పళ్లెం తప్ప చూపించడానికి మరొకటి లేదు. అది ఫిదెన్సియోదైతే బడి కూడా అతనిదే.

ఆమె నేరుగా గుమ్మం దగ్గర రిజిస్టర్ పెట్టుకుని కూర్చున్న యమీలే దగ్గరికి వెళ్లింది.

"ఏడో బల్ల మీదున్నది నాది."

"అక్కడ వేరే పేరుంది కదా, దోన్యా సోయిలా."

"అదే చెప్తున్నా. పేరు తప్పు."

యమీలే పేజీ తిప్పింది. "తెచ్చి ఇచ్చింది ఆయన. సంతకం ఆయనది. వెనకాల మీరేమైనా గుర్తు పెట్టారా?"

"పని పూర్తి కాకుండా ఎవరైనా గుర్తు పెడతారా? ఆ మూల చూడు, ఖాళీగా లేదూ?"

"నాకేం తెలుస్తుందండీ? జడ్జీలు పదింటికి వస్తారు. మీ వంతు ఎనిమిదోది. అప్పుడు చెప్పుకోండి."

సోయిలా వెళ్లి వెనక వరసలో కూర్చుంది. పక్క కుర్చీలో సెగుందో పసిచనా ఉన్నాడు. కార్నివాల్ రథాల మీదికి కాగితపు రాక్షసుల్ని చేస్తాడు. అట్టముక్క అతనూ చదివాడు.

"అక్కా, వాణ్ణి ఇక్కడే తన్నమంటావా, బయటికి తీసుకెళ్లి తన్నమంటావా?"

"ఊరుకో. చెయ్యి విరిగితే జనవరికి రథం ఎవరు కడతారు?"

"కాలితో తంతాలే."

ఫిదెన్సియో కొత్త టోపీ పెట్టుకుని వచ్చాడు. ముందు వరసలో కూర్చున్నాడు. వెనక్కి తిరగలేదు. తిరగలేదంటే తను ఎక్కడ కూర్చుందో వాడికి తెలుసని సోయిలాకి అర్థమైంది. పదకొండేళ్లుగా ఆ వీపు చూస్తూనే ఉంది. అబద్ధం మోస్తున్నప్పుడు వాడి కుడి భుజం కాస్త పైకి లేస్తుంది. ఇప్పుడు లేచి ఉంది.

వాడు ఎందుకిలా చేశాడో ఆమెకు తెలుసు. తెలిసినంతలో సగమే ఎవరికైనా చెప్పగలదు.

పొర లాగడం ఇద్దరి పని. వేడి ముద్దను ఇద్దరూ ఎదురెదురుగా పట్టుకుంటారు. రెండు చేతుల్లో రెండు మూలలు, నడిమి అంచు పళ్ల మధ్య. అలాగే ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ లాగితే, ముద్ద సాగి సాగి, వెలుతురు ఇవతలికి కనిపించేంత పల్చటి పొర అవుతుంది. ఒకరు తొందరపడితే చిరుగుతుంది. ఒకరు ఆలస్యం చేస్తే ముడత పడుతుంది. నోరు తెరిచారో, అంతా పోయినట్టే. సోయిలా కోస్తుంది, ఫిదెన్సియోకి కత్తి పట్టడం రాదు. కానీ లాగడంలో వాణ్ణి మించినవాడు ఆ వీధిలో లేడు.

మూడు వారాల కిందట, ఆ చివరి మూల కోసం ఆకుపచ్చ పొర లాగడానికి కూర్చునే ముందు, ఎంపిక దరఖాస్తు బల్ల మీద ఉంది. 'కళాకారుడి పేరు' అని ఒకటే గీత.

"నా పేరు కూడా రాయి అక్కా," అన్నాడు ఫిదెన్సియో.

"ఒకటే గీత ఇచ్చారురా."

"కింద చోటుందిగా."

"కొస పట్టుకున్నవాడి పేరు ఎవరు రాస్తారు? ఆ పని గోడ మేకైనా చేస్తుంది, మేకుని కూడా రాయమంటావా?"

నవ్వుతూనే అంది. వాడు నవ్వలేదు. పొర సగం సాగాక, పళ్ల మధ్యది వదిలేసి నోరు తెరిచాడు. "అయితే మేకుతోనే లాక్కో," అన్నాడు. పొర నిలువునా చిరిగింది. మర్నాడు ఆమె బజారుకు వెళ్లినప్పుడు వచ్చి పళ్లెం తీసుకెళ్లాడు.

పదింటికి న్యాయనిర్ణేతలు ఇద్దరూ వచ్చారు. బొగోటా నుంచి డాక్టర్ ఇరేనె లోసాదా, చేతిలో లావుపాటి నోట్‌బుక్. ఆవిడ పక్కన ఎనభై దాటిన ఎర్మోహెనెస్ గెర్రోన్, తన కాలంలో పాస్తో మొత్తంలో పెద్ద బర్నీస్ పనివాడు. ముసలాయన చెవిలో మిషన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

ఒక్కొక్కరే లేచి చెప్పుకున్నారు.

గోధుమ గడ్డి అతికించే ఎవాంహెలీనా, "మా అత్తగారు గడ్డంతా ఆవులకి వేసేది," అంది. "నేను నాలుగు పరకలు దాచుకునేదాన్ని. చీల్చి, సాపు చేసి, పెట్టెలకి అతికించేదాన్ని. ఆవిడ చూసి, ఆవు తింటే పాలిస్తుంది, నువ్వు తింటే ఏమిస్తావే అంది. ఇవాళ ఆ పెట్టె మూడో బల్ల మీదుంది. ఆవిడా వచ్చింది, వెనక కూర్చుంది, అడగండి."

అందరూ వెనక్కి తిరిగారు. అత్తగారు మొహం పక్కకి తిప్పుకుంది.

సెగుందో లేచాడు. "నేను కాగితం మనిషిని. మా నాన్న కూడా కాగితమే. పాత పేపర్లు, మైదా జిగురు, వెదురు బద్దలు. జనవరి ఆరున నా బొమ్మలు వీధిలో నడుస్తాయి. ఏడున వానకి నాని పోతాయి."

"మీ ప్రేరణ ఏమిటి?" అని అడిగింది డాక్టరమ్మ.

"తారీఖు దగ్గర పడటమేనండీ."

ఏడో వంతు ఫిదెన్సియోది. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"నేను గలేరాస్ అగ్నిపర్వతం నీడలో పుట్టాను," అని మొదలుపెట్టాడు. గొంతు బావుంది. ఎవరో రాసిచ్చినట్టున్నాయి మాటలు. "మా నాన్న బొగ్గులు అమ్మేవాడు. అడవి జిగురు వాసన నన్ను పిలిచింది. ఒంటరిగా నేర్చుకున్నాను. మొదటి నుంచి చివరి దాకా ఈ పళ్లెం ఏకాంతంలో, నా రెండు చేతులతో చేశాను."

హాల్లో ఒక దగ్గు వినిపించింది. తర్వాత మరో మూడు. డాక్టరమ్మ మాత్రం గబగబా రాసుకుంటోంది.

"ఆ ఖాళీ మూల గురించి చెప్తారా? చాలా ధైర్యంగా వదిలారు."

ఫిదెన్సియో ఒక్క క్షణం పళ్లెం వైపు చూశాడు. "అది అగ్నిపర్వతం మౌనం," అన్నాడు.

"మౌనమట అక్కా," సెగుందో గొణిగాడు. "మరి నువ్వు మాకు చిరిగిపోయిందని చెప్పావే."

ఎర్మోహెనెస్ కళ్లు తెరిచాడు. "పొర ఒక్కడివే ఎలా లాగావు?"

ఫిదెన్సియో తడబడలేదు. "గోడకి మేకు కొట్టుకుంటాను గురువుగారూ. ఒక కొస మేకుకి, ఒక కొస నాకు."

మేకు. ఆ మాట సోయిలాకి సూటిగా తగిలింది. ఆమె కోసమే అన్నాడు.

ఆమె వంతు వచ్చింది. లేచి ముందుకు నడిచింది. ఎనిమిదో బల్ల ఖాళీగా ఉంది.

"నా పేరు సోయిలా అచికనోయ్. మా అమ్మమ్మ నుంచి మూడు తరాలుగా జిగురు పని. నా పని ఏడో బల్ల మీద ఉంది. ఆ మూల మౌనం కాదు, ఆకుపచ్చ పొర చిరిగిపోయి పని ఆగిపోయింది. అక్కడ రావాల్సింది బంగాళాదుంప ఆకులు."

డాక్టరమ్మ కలం ఆపింది. "అంటే ఆయన అబద్ధం చెప్తున్నారని మీ ఆరోపణా?"

"పళ్లెం నాదని చెప్తున్నా."

"సాక్ష్యం?"

"నా చేతులు."

డాక్టరమ్మ నోట్‌బుక్ మూసింది. "చూడండి, మేం తగువులు తీర్చడానికి రాలేదు. ఇద్దరూ నాదంటే, ఆ వస్తువును పోటీ నుంచి తీసేయడం తప్ప నాకు దారి లేదు. పన్నెండింటిలోగా ఇది తేలకపోతే ఏడో బల్ల ఖాళీ చేయిస్తాను."

గోడ గడియారంలో పదకొండు దాటి పది నిమిషాలైంది.

"మధ్యాహ్నం చూపించడానికి పొయ్యి, జిగురు తెప్పించారు కదా," అన్నాడు ఎర్మోహెనెస్. "ఇప్పుడే వెలిగించండి. మాటలెందుకు, లాగి చూపిస్తారు. ఒంటరిగా లాగేవాడివి, ముందు నువ్వు రా."

ఫిదెన్సియో లేచి గోడ వైపు చేయి చూపించాడు. "మేకు కావాలి."

"గోడలకి మేకులు కొట్టకూడదు," అంది యమీలే వెంటనే. "నాలుగు వందల ఏళ్ల కట్టడం. బోర్డు కూడా పెట్టాం."

"మరి నేనేం చెయ్యను గురువుగారూ," అంటూ వాడు కూర్చున్నాడు. మొహంలో చిన్న నవ్వు దాచుకున్నాడు.

"సరే. నువ్వు రా అమ్మా," అన్నాడు ముసలాయన.

సోయిలాకి రెండో మనిషి కావాలి. హాల్లో బర్నీస్ వాళ్లు మరో ముగ్గురున్నారు. ముగ్గురూ లేచారు. పోటీలో ఉన్నవాళ్లు చెయ్యి వేస్తే పక్షపాతమవుతుందని డాక్టరమ్మ కూర్చోబెట్టింది. ఎవాంహెలీనా అత్తగారిని పక్కన పెడితే పోటీలో లేనిది ఒక్క యమీలే.

"నాకు రాదండీ."

"నేను సైగ చేసినప్పుడు అడుగు వెయ్యి. మాట్లాడకు," అంది సోయిలా. "మిగతాది నేను చూసుకుంటా."

"పళ్లతో పట్టుకోవాలా?"

"పళ్లతోనే. లిప్‌స్టిక్ తుడుచుకో."

ముద్ద వేడి నీళ్లలోంచి తీసి, రాతి మీద రెండు దెబ్బలు వేసి, ఆకుపచ్చ పొడి కలిపి పిసికింది. వేళ్లు కాలుతున్నా ఆమెకు తెలియలేదు. చెయ్యి పనిలో పడ్డాక సోయిలాకి భయమనేది ఉండదు. ఒక అంచు యమీలే చేతికిచ్చింది, తన అంచు పళ్ల మధ్య పెట్టుకుంది. కనుబొమలతో సైగ చేసింది. యమీలే ఒక అడుగు వేసింది. పొర సాగింది. రెండో అడుగు. అరచేయంత ఉన్నది తువ్వాలంత అయింది.

మూడో అడుగు యమీలే తొందరగా వేసింది.

పొర మధ్యలో పల్చబడి తెల్లటి గీత మెరిసింది. సోయిలాకి కనిపిస్తోంది, ఆపలేకపోతోంది. నోరు తెరిస్తే పోతుంది. చేయి కదిపితే పోతుంది. యమీలే కంగారుపడి ఎడమ మూల వదిలేసింది. పొర ఒక పక్కకి వాలి నేల మీదికి జారుతోంది.

కుర్చీ కింద పడ్డ చప్పుడు.

రెండంగల్లో ఫిదెన్సియో అక్కడ ఉన్నాడు. యమీలేని భుజంతో పక్కకి తోసి, జారుతున్న మూలను గాల్లోనే అందుకున్నాడు. రెండో మూల అందుకున్నాడు. నడిమి అంచు పళ్ల మధ్య బిగించాడు. వచ్చే ముందు ఆలోచించి ఉంటే వచ్చేవాడు కాదు. కానీ పొర పడిపోతుంటే చూస్తూ కూర్చోవడం వాడి ఒంట్లో లేదు.

ఇద్దరి కళ్లూ కలిశాయి. సోయిలా ఏ సైగా చేయలేదు. అవసరం లేకపోయింది. వాడు ఎడమకి వంగాడు, ఆమె కుడికి వంగింది. తెల్లటి గీత చుట్టూ జిగురు మెల్లగా సర్దుకుంది. ఆమె మణికట్టు తిప్పిన క్షణానే వాడూ తిప్పాడు. ఒకేసారి ఒక్కో అడుగు వెనక్కి. ఊపిరి కూడా ఒకేసారి. తువ్వాలంత ఉన్నది బల్లంత అయింది. కిటికీలోంచి పడ్డ ఎండ దాన్లోంచి దూరి ఇద్దరి మొహాల మీదా ఆకుపచ్చగా పడింది.

పొరను బల్ల మీద దించి, ఇద్దరూ అంచులు వదిలారు.

"ఎన్నేళ్ల నుంచి లాగుతున్నారు ఇద్దరూ?" ఎర్మోహెనెస్ మామూలుగా అడిగాడు.

"పదకొండు," అన్నాడు ఫిదెన్సియో, నోరు తుడుచుకుంటూ.

అన్నాక అర్థమైంది వాడికి. వెనక వరసల్లోంచి నవ్వులు లేచాయి.

"మేకు బాగానే నడుస్తోందిరా," అన్నాడు సెగుందో.

"ఇప్పుడు కొయ్యాలి," ముసలాయన కత్తి బల్ల మీద పెట్టాడు. "ఆ మూలకి ఆకులు. ఎవరు కోస్తారు?"

ఫిదెన్సియో కత్తి వైపు చూశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నాకు కొయ్యడం రాదు గురువుగారూ."

సోయిలా కత్తి తీసుకుంది. గీతలు గీసుకోలేదు, కొలవలేదు. పొర అంచు చెక్క మూల మీద పరిచి, అరచేతి వేడితో అదిమి, కత్తి మొనతో ఒక ఆకు తిప్పింది. దాని పక్కన మరొకటి. మిగిలిన పొరను గోటితో లేపితే ఆకులు మాత్రం చెక్కని అంటుకుని నిలిచాయి. పళ్లెంలో పైనున్న ఆకులకీ వీటికీ తేడా పట్టుకోగలవాళ్లు ఆ హాల్లో లేరు. డాక్టరమ్మ లేచి వచ్చి, వంగి చూసి, నిట్టూర్చింది.

"అట్టముక్క మార్చండి, యమీలే. ఏడో బల్ల దోన్యా సోయిలాది. సెన్యోర్ బొతినా, మీరు వెళ్లొచ్చు."

ఫిదెన్సియో టోపీ తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"వెళ్తా. ఆవిడ దరఖాస్తులో 'సహాయకులు' దగ్గర ఏం రాసిందో కూడా చదవండి డాక్టరమ్మా."

యమీలే కాగితం తీసింది. చదవకుండా డాక్టరమ్మకి అందించింది. డాక్టరమ్మ చదివింది.

"లేరు, అని ఉంది."

ఇప్పుడు హాలంతా సోయిలా వైపు తిరిగింది. ఊరుకుంటే సరిపోయేది. పళ్లెం తనదని తేలిపోయింది. వాడు దొంగ అని తేలిపోయింది. ఇంక ఎవరూ ఏమీ అడగరు.

"అది నేనే రాశాను," అంది సోయిలా. "వాడు పేరు రాయమని అడిగాడు. కొస పట్టుకున్నవాడికి పేరేంటని నవ్వాను. పొర ఇద్దరం లాగాం, పళ్లెంలో ఉన్న ప్రతి రంగూ ఇద్దరం లాగిందే. కోసింది నేను. వాడు ఒంటరిగా చేశానని ఇవాళ చెప్పాడు. నేను మూడు వారాల ముందే రాసిచ్చాను."

దరఖాస్తు తన వైపు లాక్కుని కలం అడిగింది. 'లేరు' కొట్టేసింది. తన పేరున్న గీత కింద ఫిదెన్సియో పేరు రాయడం మొదలుపెట్టింది.

"అక్కడ చోటు లేదండీ," అంది యమీలే.

"ఉంది. చిన్నగా రాస్తా."

డాక్టరమ్మ ఎర్మోహెనెస్ వైపు చూసింది. "నిబంధనల్లో వ్యక్తిగత కృషి అని ఉంది."

"ఆ నిబంధనలు రాసింది బొగోటాలో," అన్నాడు ముసలాయన. "మా ఆవిడ నలభై ఏళ్లు నాకు కొస పట్టింది. ఒక్క అట్టముక్క మీద కూడా ఆమె పేరు లేదు. పోయాక తెలిసింది, నాకు లాగడం రాదని." చెవిలోని మిషన్ సర్దుకున్నాడు. "ఒరే బొతినా, ఇలా రా. ఇందాక చెప్పింది బాలేదు. మళ్లీ చెప్పు."

ఫిదెన్సియో వెనక్కి వచ్చాడు. ఈసారి టోపీ గుండెకి ఆనించుకోలేదు. ఎక్కడ పెట్టాలో తెలియక యమీలే చేతికిచ్చాడు.

"నా పేరు ఫిదెన్సియో బొతినా. మా నాన్న నిజంగానే బొగ్గులమ్మేవాడు. నేను బస్టాండ్‌లో మూటలు మోసేవాణ్ణి. ఒకరోజు సోయిలక్క జిగురు సంచి దింపడానికి వెళ్తే, ఆవిడ తమ్ముడికి జ్వరం, కాసేపు పట్టుకో అంది. పట్టుకున్నా. పదకొండేళ్లయింది." ఆగాడు. "పొర లాగేటప్పుడు ఎదుటి మనిషి ఎప్పుడు ఊపిరి తీస్తుందో మన పళ్లకి తెలుస్తుంది. అది తెలిస్తే చిరగదు. నాకు తెలిసిన విద్య అదొక్కటే. పళ్లెం ఎత్తుకెళ్లాను, తప్పే. బొమ్మ నాది కాదు. కానీ దాని కింద చెయ్యి నాది."

"మౌనం సంగతి?" అని అడిగింది డాక్టరమ్మ. ఆమె పెదాల మీద నవ్వు ఉంది.

"అది మా చెల్లెలు రాసిచ్చిందండీ."

పన్నెండింటికి న్యాయనిర్ణేతలు లోపలి గదిలోకి వెళ్లారు. పన్నెండున్నరకి వచ్చారు. బడికి గురువుగా సోయిలా అచికనోయ్ పేరు చదివారు. దాని తర్వాత డాక్టరమ్మ ఇంకో వాక్యం చదవాల్సి వచ్చింది. లాగడం నేర్పే గురువుగా రెండో పేరు పెట్టాలని ఎర్మోహెనెస్ పట్టుపట్టాడని, లేకపోతే తను సంతకం చేయనన్నాడని, ఆ పేరు చెప్పే హక్కు సోయిలాదేనని.

సోయిలా లేచి నిలబడింది. ఫిదెన్సియో నేల వైపు చూస్తున్నాడు. కుడి భుజం కిందికి దిగి ఉంది.

"వచ్చే సోమవారం ఏడింటికి రావాలి," అంది అతనితో.

"ఎనిమిదింటికి వస్తా."

"ఏడింటికి. పిల్లలొచ్చేలోగా జిగురు కాగాలి."

"ఏడున్నర."

"ఇదిగో, ఇతని పేరే రాయండి డాక్టరమ్మా," అంది సోయిలా.